వద్దన్న శాలువా

ఆదివారం పొద్దున్న గురునాథరావు వరండాలో చాప వేసుకుని గిటారుకి వైద్యం చేస్తున్నాడు. వెనక పలక విప్పి, లోపల ఊడిపోయిన వైరుని వెతికి పట్టుకుని, సోల్డరింగ్ ఐరన్ మొన ఆనించి, ఒక్క చుక్క వేసి నోటితో ఊదాడు. పోలమ్మ ఈ ఇంటికి కాపురానికి రాకముందే వచ్చిన గిటారు అది. ఆ సంగతి పోలమ్మ మరిచిపోదు, మొగుణ్ణీ మరిచిపోనివ్వదు.

గేటు చప్పుడైంది. తెలుగు సంఘం సెక్రటరీ గోవిందరావు, ఆయన వెనక ట్రెజరర్ లక్ష్మీప్రసాద్. లక్ష్మీప్రసాద్ చేతిలో వల సంచి, అందులో అరటిపళ్ళు, ఏపిల్సు, పైన ఒక కొబ్బరికాయ.

ఉగాది ముందు సంఘం వాళ్ళు పళ్ళ సంచితో ఎవరి గుమ్మం ఎక్కితే ఆ ఏడు సన్మానం వాళ్ళకే. ముందు పళ్ళు చేతిలో పెడతారు, తర్వాత మాట చెబుతారు. శ్రీకాకుళం నుంచీ విజయనగరం నుంచీ వచ్చి భిలాయి ఉక్కు ప్లాంటులో చేరినవాళ్ళు సంఘం పెట్టిన నాటినుంచీ ఇదే పద్ధతి. టౌన్‌షిప్ సెక్టార్లలో ఉన్న తెలుగువాళ్ళందరికీ ఆ సంచి అర్థం తెలుసు.

గురునాథరావు గుండె ఒక్కసారి ఎగిరింది. వెంటనే దానిమీద మూత పెట్టి, మొహం గంభీరంగా చేసుకున్నాడు.

రైల్ మిల్లులో అతను ఒక టెక్నీషియన్, అంతే. కాని భిలాయిలో కాస్త వయసు మళ్ళినవాళ్ళకి ‘ఇంగాట్స్’ గురునాథ్ అంటేనే తెలుస్తుంది. ఇంగాట్స్, అంటే ఉక్కు దిమ్మలు, వాళ్ళ రాక్ బ్యాండు. గణేశ్ పందిళ్ళలో వినాయకుడి విగ్రహం కూడా ఊగేలా వాయించేవాళ్ళని చెప్పుకుంటారు. బ్యాండు పోయింది, పేరు మిగిలింది. ఆ పేరుకి ఈమధ్య ఇంకో పేరు తోడైంది. సన్మానాలనీ అవార్డులనీ అతను తిట్టినట్టు ఇంకెవరూ తిట్టలేరు. బొంబాయిలో క్యాసెట్ కంపెనీలు ఒకరికొకరు ఇచ్చుకునే బహుమతుల దగ్గర మొదలుపెట్టి సంఘం కప్పే శాలువా దాకా ఒక్కటీ వదలడు. అతను అనేదాంట్లో చాలామటుకు నిజమే. నిజం మొహంమీద చెప్పేవాడని నలుగురూ గౌరవించారు. ఆ గౌరవానికి అలవాటుపడ్డాడు.

పోలమ్మ బయటికొచ్చి, సంచి చూసి, చేతులు చీర చెంగుకి తుడుచుకుని రెండు చేతులూ చాపింది. లక్ష్మీప్రసాద్ వేళ్ళు సంచిని ఒక్క క్షణం వదల్లేదు. ఆమె మెల్లగా లాగితే వదిలేశాయి.

“ఈసారి ఉగాదికి మనం భిలాయిలో పుట్టిన పాటకి సన్మానం చేద్దాం అనుకున్నామండీ,” అన్నాడు గోవిందరావు కుర్చీ అంచున కూర్చుని. “ఆ రోజుల్లో పందిళ్ళలో మీరందరూ కలిసి చేసేరు చూడండి, ఆ పాటకి. అందుకే ముందు మీ దగ్గరికే వచ్చేం. మీరు కాదనకూడదు...”

“ఆగండి,” అన్నాడు గురునాథరావు.

సోల్డరింగ్ ఐరన్ స్టాండుమీద పెట్టాడు. ఈ ఘడియ కోసం ఏళ్ళ తరబడి మాటలు నూరి ఉంచుకున్నాడు. ఇక ఆగుతాడా.

“గోవిందరావుగారూ, మీరు పెద్దమనిషి, మా ఇంటికొచ్చేరు, సంతోషం. కాని ఆ శాలువా నాకొద్దు. నిరుడు ఎవరికి కప్పేరు? షామియానా ఊరికే వేసిన కాంట్రాక్టరుకి. ఆయనకి సరిగమలు కూడా రావు. అంతకుముందు ఎవరికి? మేనేజరుగారి భార్యకి. ఆవిడ పాడిన భజన ఇప్పటికీ నా చెవిలో గుచ్చుకుంటోంది. మీ కమిటీలో పాట విన్నోడు ఒక్కడున్నాడేటి? పాట విననోడు పాడినోడికి మార్కులెయ్యడం ఏటండీ? బొంబాయిలో అదే, ఇక్కడా అదే. నేను మిల్లులో చెమటోడ్చి, సాయంత్రం పందిట్లో వాయించేను. జనం ఈలలేసేరు. నాకది చాలు. మీ శాలువా ఇంకెవరి భుజాలమీదైనా వేసుకోండి.”

లక్ష్మీప్రసాద్ నోరు తెరిచాడు. గోవిందరావు అతని మోకాలిమీద చెయ్యి వేసి నొక్కాడు. పోలమ్మ తెచ్చిన టీ ఇద్దరూ ఊదుకుంటూ తాగారు. గోవిందరావు కప్పులోకే చూస్తూ తాగాడు.

“మరయితే వస్తామండీ.”

గేటు దగ్గర లక్ష్మీప్రసాద్ ఉండబట్టలేక వెనక్కి తిరిగాడు. “ఆ రోజు సాయంత్రం మీరు ఖాళీగానే ఉంటారేటండీ?”

“ఖాళీగా ఉన్నా రాను,” అన్నాడు గురునాథరావు.

వాళ్ళ స్కూటరు మలుపు తిరిగేదాకా నిలబడ్డాడు. నిజం చెప్పాలంటే ఇంకొక్కసారి బతిమాలతారనుకున్నాడు. ఒక్కమాటకే లేచిపోయినందుకు ఎక్కడో చిన్న వెలితిగా ఉంది. దాన్ని గర్వంతో పూడ్చేసి, చాపమీద కూర్చున్నాడు.

“ఒక్కపాలి ఒప్పుకుంటే మీ సొమ్మేటి పోద్ది,” అంది పోలమ్మ అరటిపండు ఒలిచి అతని చేతికిస్తూ. “నానూ ఓ మంచి చీర కట్టుకుని ముందు వరసలో కూకుందును.”

“నీకు తెలీదులే,” అని పండు తిన్నాడు.

*

సోమవారం మిల్లులో చెప్పినప్పుడు అది ఒక్కమాటే. ఎర్రగా కాలిన పట్టాలు రోలర్లమీద జారుకుంటూ వస్తున్నాయి. హాట్ సా రంపం కిందికి దిగి కోసినప్పుడల్లా నిప్పురవ్వలు లేచాయి. రెండు కోతల మధ్య పక్కనున్న మనిషి చెవిలో, “సంఘం వాళ్ళొచ్చేరు, వద్దనీసేను,” అన్నాడు. ఆ మనిషి భుజం తట్టాడు.

క్యాంటీన్‌కి చేరేసరికి “బతిమాలేరు” అయింది. సాయంత్రం సుపేలా బజారులో సతీష్‌కుమార్ షాపుకి చేరేసరికి “గోవిందరావు చేతులు పట్టుకున్నాడు” అయింది. అబద్ధం ఆడుతున్నానని అతనికి అనిపించలేదు. తను చూసిందే మళ్ళీ చూస్తూ చెబుతున్నాననుకున్నాడు. ఒక్కోసారి చూసినప్పుడు గోవిందరావు కాస్త కాస్త వంగుతున్నాడు, అంతే.

సతీష్‌కుమార్ది గిటార్లూ, తీగలూ, కేసియో కీబోర్డులూ అమ్మే షాపు. భిలాయిలోనే పుట్టినవాడు. తెలుగు సగం, హిందీ సగం. గురునాథరావు వస్తే స్టూలు తుడిచి వేస్తాడు.

“క్యా బాత్ హై అంకుల్,” అన్నాడు తీగల చుట్ట కౌంటరుమీద పడేసి. “మొహంమీద చెప్పేశారా? ఆజ్‌కల్ ఎవరికుంది అంత దమ్? నా దోస్త్ ఒకడు అఖ్‌బార్‌లో రాస్తాడు. వాడికి చెప్తాను.”

“అవన్నీ ఎందుకు,” అన్నాడు గురునాథరావు. వద్దని మాత్రం అనలేదు.

బుధవారం హిందీ పేపర్లో లోపలి పేజీలో పడింది. రాక్ బ్యాండు పాతకాపు సన్మానాన్ని తిరస్కరించాడనీ, పాట విననివాళ్ళు పాటకి మార్కులు వెయ్యకూడదన్నాడనీ నాలుగు ముక్కలు. మిల్లులో ఛత్తీస్‌గఢ్ వాళ్ళు, బెంగాలీలు, మలయాళీలు వచ్చి చెయ్యి కలిపారు. ఆ పేపరు మడత చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాడు.

ఆ సాయంత్రమే షాపులో నలుగురైదుగురు కూర్చున్నప్పుడు ఎవరో అన్నారు, ఈ ఏడు సన్మానం చిన్నమ్మలుకటగా అని.

చిన్నమ్మలు ఇంగాట్స్‌లో పాడేది. పందిట్లో పాడే ఆడమనిషిని వింతగా చూసే రోజుల్లో, జరీ లేని నేత చీర కట్టుకుని మైకు ముందు నిలబడి, అతని గిటారుని మించి పాడేది. ఇప్పుడు ఖుర్సీపార్ బస్తీలో జాకెట్లు కుట్టుకుంటోంది.

గురునాథరావుకి చురుక్కుమంది. ఎందుకో తెలిసేలోపలే నోరు జారింది.

“మరేటి చేస్తారు, నేను వద్దన్నాక ఎవరికో ఒకరికి కప్పాల కదా.”

అందరూ నవ్వారు. సతీష్ కౌంటరుమీద చేత్తో చరిచాడు. ఆ నవ్వు సుపేలా నుంచి ఖుర్సీపార్‌కి ఆటోకంటే ముందే చేరింది.

*

శుక్రవారం పోలమ్మ జాకెట్టు తెచ్చుకోడానికి చిన్నమ్మలు ఇంటికి వెళ్ళి, ఉత్త చేతులతో తిరిగొచ్చింది. చెప్పులు విప్పకుండా వరండా మెట్టుమీదే కూలబడింది. గురునాథరావు కొత్త తీగలు బిగిస్తున్నాడు.

“జాకెట్టేదీ?”

“అడగనేదు. అడగడానికి మొకం ఏదీ?”

అతను గిటారు మర తిప్పడం ఆపాడు.

“గోవిందరావుగారు అక్కడే ఉన్నారు. ఆ అమ్మని బతిమాలతన్నారు. సన్మానం వద్దంటోందట. ‘గురన్నియ్య పారేసింది నాకెందుకు, నాను ఏరుకు తినే దాన్నేటి’ అంటోంది. ఆయన బయటికొచ్చి, గేటు కాడ నాకు సెప్పేరు. సెప్పలేక సెప్పేరు పాపం.” పోలమ్మ అతనివైపు చూడలేదు. “మీకెవులూ సన్మానం ఇత్తామననేదట. మొదటినుంచీ అది చిన్నమ్మలుకే. కమిటీ అంతా ఒక్కమాటమీద అనుకున్నారట. ఆ అమ్మ పాడతాది, పక్కన మీరు గిటారు వాయించాలి, అదడగడానికి వచ్చేరట ఆ పొద్దు. మన ఇంటికాణ్ణించి తిన్నగా ఆ ఇంటికెళ్దామని పళ్ళట్టుకొచ్చేరు.”

“మరి చెప్పలేదేటి?” అన్నాడు.

“మీరు సెప్పనిచ్చేరా? అంత మాటలాడీసేక, ‘బాబూ, మీకు కాదు’ అని ఎలా అంటారు? మీ మొకం నిలబెట్టాలని నోరు మూసుకున్నారు. నాను సంచి లాగీసుకుంటే వదిలీసేరు. మళ్ళీ బజారెళ్ళి ఇంకో సంచి కొనుక్కున్నారు.” ఆమె చెప్పులు విప్పి పక్కన పెట్టింది. “ఆ పళ్ళు మనవి కావు. ఆ పళ్ళు మనం తినీసేం. కొబ్బరికాయ పచ్చడి కూడా సేసీసేను.”

గురునాథరావు చేతిలో తీగ వదులై, చుట్టలు తిరిగి ఒళ్ళో పడింది. ఆదివారం పొద్దున్న జరిగిందంతా మళ్ళీ కళ్ళముందుకొచ్చింది. ఈసారి గోవిందరావు వంగలేదు. కప్పులోకి చూస్తున్నాడు. ఇతనికోసం సిగ్గుపడుతున్నాడు. మోకాలిమీద చెయ్యి నొక్కడం, ఖాళీగా ఉంటారా అని అడగడం, అన్నీ ఒక్కొక్కటే వచ్చి ఎదురుగా కూర్చున్నాయి. చెవులు కాలిపోతున్నాయి. జేబులో పేపరు మడత తగిలింది. తీసి పారేద్దామని కూడా అనిపించలేదు. పారేసినంత మాత్రాన భిలాయి అంతా చదివింది చదవనట్టు అవుతుందా.

అన్నింటికంటే ఒకటి ఎక్కువగా గుచ్చింది. ఆ సంచి చూసినప్పుడు గుండె ఎగిరింది కదా. ఇన్నేళ్ళూ తిట్టింది అందుకేనా? తనకి రాలేదనా? ఆ ప్రశ్నకి కాదని గట్టిగా చెప్పుకోలేకపోయాడు.

*

మర్నాడు షిఫ్టు దిగి తిన్నగా ఖుర్సీపార్ వెళ్ళాడు. ఏదైనా పట్టుకెళ్దామా అని దారిలో పళ్ళబండి దగ్గర సైకిలు ఆపి, ఆ పళ్ళు చూడగానే మళ్ళీ ఎక్కి తొక్కాడు.

చిన్నమ్మలు మిషను ముందు కూర్చుని ఉంది. కళ్ళజోడు ముక్కు చివరికి జారింది. జాకెట్టు చేతి అంచు మడిచి, సూది కిందకి తోసి, కాలితో తొక్కుతోంది. అతను గుమ్మంలో నిలబడితే తల ఎత్తి చూసింది. ఆ కుట్టు చివరిదాకా లాగి, దారం పళ్ళతో కొరికి, అప్పుడు అంది.

“కూకో అన్నియ్యా.”

అతను కూర్చోలేదు. “చిన్నమ్మలూ, నాకెవరూ ఇస్తామనలేదు. అది నీకే. వాళ్ళు నన్ను గిటారుకి అడగడానికి వచ్చేరు. నేనే తప్పుగా అనుకున్నాను.”

“నాకు తెలుసు. గోవిందరావుగారు సెప్పేరు.”

“మరి వద్దంటున్నావట.”

ఆమె జాకెట్టు తిరగేసి, రెండో చేతి అతుకు దగ్గర గుండుసూది గుచ్చింది.

“నాకు తెలిస్తే సాలదన్నియ్యా. ఊరికి తెలీదు కదా. నాను స్టేజీ ఎక్కితే సూసినోల్లేటనుకుంటారు? గురునాథ్ వదిలీసిన ఇస్తరి ముందు కూకున్నాది అనుకుంటారు. మా కోడలు నన్నే అడిగింది, ‘అత్తా, ఆయన కాదన్నాకే నీకిచ్చేరటగా’ అని. ఆ పిల్లకి నాను పాడతానని కూడా తెలీదు. పెళ్ళయి వొచ్చినకాణ్ణించీ ఈ మిషనే సూసింది. ఆ ఒక్క సాయంత్రం నన్ను సూస్తాదనుకున్నాను.”

మిషను చక్రం చేత్తో ఆపింది.

“నువ్వు శాలువాని ఎక్కిరిస్తావు. ఎక్కిరించు. నీకు జనం ఈలలేసేరు. నాకూ ఏసేరు. నీకేసిన ఈలకి నువ్వు హీరోవి అయిపోనావు. నాకేసిన ఈలకి మా ఆయన వారం రోజులు నాతో మాటాడ్నేదు. నాకు శాలువా కావాలన్నియ్యా. నలుగురి ముందూ, పెద్దోళ్ళ సేత, మర్యాదగా. కావాలనుకోడానికి నాకు సిగ్గునేదు.”

గురునాథరావు తల దించుకున్నాడు. నేలమీద గుడ్డముక్కలు పడి ఉన్నాయి. ఇన్నేళ్ళలో ఈ మాట అతనికి ఎవరూ చెప్పలేదు, అతనూ ఎవరినీ అడగలేదు.

“ఏం చెయ్యమంటావు?”

“షాపులో అన్నావు, పేపర్లో యేయించావు. నా సెవిలో సెప్పి ఎల్లిపోతే ఎలాగ? అందరి ముందూ అన్నమాట అందరి ముందే దిద్దు.” కళ్ళజోడు పైకి తోసుకుంది. “దిద్దుతానంటే వొస్తాను. పాడతాను.”

“దిద్దుతాను,” అన్నాడు.

ఆమె మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది.

*

ఉగాది సాయంత్రం హాలు నిండిపోయింది. వెనక గోడకి ఆనుకుని కూడా నిలబడ్డారు. పోలమ్మ మంచి చీర కట్టుకుంది కాని ముందు వరసలో కూర్చోలేదు. ముందు వరసలో చిన్నమ్మలు కోడలు, కొడుకు ఉన్నారు.

గురునాథరావు స్టేజీ పక్కన కర్టెను వెనక తీగలు సరిచూసుకుంటున్నాడు. గోవిందరావు కనిపిస్తే చేతులు జోడించాడు. ఆయన ఆ చేతులు పట్టుకుని కిందికి దించి, “మీరొచ్చేరు, అదే చాలు,” అన్నాడు. తిట్టినా బాగుండేదనిపించింది.

మైకు దగ్గర మాటలు చెబుతున్నది సంఘంలో కొత్తగా చేరిన కుర్ర ఇంజనీరు. అతనికి లోపలి సంగతులేవీ తెలియవు. పేపరు చదివినవాడు. “ఈ వేదికమీద ఒక గొప్ప మనిషి ఉన్నారు. ఇదే సన్మానాన్ని కాదని, తన చెల్లెలి లాంటి గాయనికి చోటు ఇచ్చి, ఇవాళ ఆమె వెనకే గిటారు వాయించడానికి వచ్చిన త్యాగమూర్తి...”

హాలు దద్దరిల్లింది. చిన్నమ్మలు మైకు ముందుకి వచ్చి నిలబడి ఉంది. ఆమె మొహంలో రంగు పోయింది. చీర చెంగు గుప్పిట్లో బిగించి, అతనివైపు ఒక్కసారి చూసింది.

గురునాథరావు గిటారు మెడలో ఉండగానే ముందుకొచ్చి, కుర్రాడి చేతిలోంచి మైకు తీసుకున్నాడు.

“నాకెవరూ సన్మానం ఇస్తామనలేదు,” అన్నాడు. “నేను కాదనలేదు. నేను కాదనడానికి అక్కడేటీ లేదు. సంఘం వాళ్ళు మొదటినుంచీ చిన్నమ్మలునే అనుకున్నారు.”

చప్పట్లు మొదలయ్యాయి. ముందుకంటే ఎక్కువ. వెనకనుంచి సతీష్‌కుమార్ ఈల వేశాడు. “వాహ్ అంకుల్.” ముందు వరసలో ఒక పెద్దాయన పక్కాయనతో, “ఎంత వినయం చూశారా,” అన్నాడు. ఆ మాట స్టేజీమీదికి వినిపించింది.

ఇది అతను ఊహించలేదు. తిడతారనుకున్నాడు, నవ్వుతారనుకున్నాడు. నిజం చెబితే కూడా దండే వేస్తారనుకోలేదు.

“వినయం కాదండీ. అబద్ధం ఆడేను. పేపర్లో పడింది అబద్ధం.”

చప్పట్లు ఆగలేదు. ఆ చప్పట్లలో నిలబడి అతను చిన్నమ్మలువైపు తిరిగాడు.

ఆమె వచ్చి అతని చేతిలోంచి మైకు అందుకుంది.

“బాబూ, ఒక్క నిమిషం సప్పట్లాపండి,” అంది. పందిళ్ళలో అలవాటైన గొంతు. హాలు ఆగింది. “మా అన్నియ్య గొప్పకి అనడంనేదు. ఉన్నమాటే సెప్తన్నాడు. ఒకసారి ఆయన మొకం సూడండి. త్యాగం సేసినోడికి అంత సెమట పడతాదేటి?”

అందరూ చూశారు. లైట్ల వెలుతురులో గురునాథరావు నుదుటిమీంచి చెమట ధారలు గెడ్డందాకా కారుతున్నాయి. తుడుచుకుందామంటే చెయ్యి రాలేదు. ఎవరో కిసుక్కున నవ్వారు. ఇంకెవరో నవ్వారు. ఆ తర్వాత హాలంతా నవ్వింది. అందులో వినయం అన్న పెద్దాయన కూడా ఉన్నాడు. సతీష్‌కుమార్ మాత్రం నవ్వలేదు. గోడకి ఆనుకుని, చేతులు కట్టుకుని నేలవైపు చూస్తున్నాడు.

గురునాథరావు ఆ నవ్వుకి ఎదురుగా నిలబడ్డాడు. ఇంత సిగ్గు అతను పుట్టి ఎరగడు. అయినా అక్కణ్ణించి కదలాలనిపించలేదు.

“ఇంక వాయించన్నియ్యా,” అంది చిన్నమ్మలు మైకు పక్కకి వంచి.

వేళ్ళు తడిగా ఉన్నాయి. మొదటి మీటు జారింది. రెండోది కుదిరింది. ఆమె గొంతు ఎత్తింది. వయసు తాలూకు జీర ఒకటి చేరింది కాని పైకి వెళ్ళేచోట ఎక్కడా తడబడలేదు. ముందు వరసలో కోడలు కుర్చీలో ముందుకి జరిగింది. నోరు కొంచెం తెరుచుకుని అలాగే ఉండిపోయింది. పాట అయ్యేదాకా గురునాథరావువైపు ఎవరూ చూడలేదు. శాలువా కప్పుతున్నప్పుడు చిన్నమ్మలు రెండు చేతులతో దాని అంచులు దగ్గరకి లాక్కుంది, చలేస్తున్నట్టు.

సభ అయ్యాక సైకిలు స్టాండు దగ్గర మిల్లులో పనిచేసే చందూలాల్ ఎదురయ్యాడు. అప్పుడే డ్యూటీ దిగి, స్నేహితురాళ్ళతో సభకొచ్చిన కూతుర్ని ఇంటికి తీసుకెళ్ళడానికి వచ్చినట్టున్నాడు. లోపల జరిగింది అతనికి తెలియదు. గురునాథరావుని చూసి సైకిలు స్టాండేసి మరీ వచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

“గురునాథ్ భయ్యా, అఖ్‌బార్ మే పఢా. శాబాశ్. సమ్మాన్ కో లాత్ మార్ దీ ఆప్‌నే.” పేపర్లో చదివాడట, సన్మానాన్ని కాలితో తన్నేశారని మెచ్చుకుంటున్నాడు.

గురునాథరావు పోలమ్మవైపు చూశాడు. ఆమె తొందరపెట్టలేదు. కాస్త పక్కకి జరిగి నిలబడింది. లోపల్నుంచి జనం ఇంకా వస్తూనే ఉన్నారు. రేపు మిల్లులో చెయ్యి కలిపినవాళ్ళందరూ ఉంటారు.

గిటారు పెట్టె నేలమీద పెట్టాడు.

“నహీఁ భయ్యా,” అన్నాడు. “ముఝే కిసీనే దియా హీ నహీఁ థా.” నాకెవరూ ఇవ్వనేలేదని. చందూలాల్ అర్థంకానట్టు చూస్తే, అతని చెయ్యి వదలకుండా, ఆదివారం పొద్దున్న గేటు చప్పుడైన దగ్గర్నుంచి మొదలుపెట్టాడు.